లతల మేస్త్రీ కోత బల్ల

గేట్లు చేసేవాళ్లకేం కొదవ! నాలుగు చువ్వలు కోసి, అతుకులు పెట్టి, నల్లరంగు పూసి నిలబెడితే అదీ గేటే. కుక్కలు లోపలికి రావు, ఇంకేం కావాలి అనుకునేవాళ్లకి అది చాలు. చాలదనుకున్నవాళ్లు లతల మేస్త్రీ దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయనకీ అసలు పేరొకటి ఉంది గానీ, దాంతో ఎవరైనా పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఇంకెవరినో అనుకునే స్థితికొచ్చింది. మందపాటి ఇనప రేకు మీద సుద్దముక్కతో తీగ గీసి, గ్యాస్ టార్చి వెలిగించి, ఆ మంటను గీత వెంబడి నడిపించుకుంటూ పోతే కింద ఆకులు టపటపా రాలేవి. వాటిని గేటుకి అతికించాక, దారినపోయేవాళ్లు ఒకసారి వేలితో తడిమి గాని కదిలేవాళ్లు కాదు.

ఇంటి వెనకే షెడ్డు. వంటింటి తలుపు తీస్తే అందులోకే అడుగు పడుతుంది, అవతలి వైపు సందులోకి షట్టరు. పైన రేకుల కప్పు, గోడకి ఆనించిన చువ్వలు, మూలన సిలిండర్లు, కిటికీ గూట్లో రసమట్టం, మూలమట్టం, తల దువ్వుకోవడానికి ఒక పగిలిన అద్దం. ఆయన కోసి అతికిస్తే, భార్య ఆకురాయితో అంచులు నున్నగా రుద్ది, తుప్పు పట్టకుండా రెడాక్సైడు పూసేది. పెళ్లయిన కొత్తలో ఆయన "నీకెందుకు ఈ మసి పని" అన్నాడు. "ఇంట్లో కూర్చుంటే మాత్రం మీ మసి నాకంటదా? మీ చొక్కాలు ఉతికేదెవరు?" అందావిడ. ఆ రోజు నుంచి ఆకురాయి ఆవిడ చేతికి వెళ్లింది, మళ్లీ తిరిగి రాలేదు.

మేస్త్రీది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ పంతాలకి పద్ధతులని పేరు పెట్టుకున్నాడు. అచ్చు పెట్టుకోకపోవడం ఒక పద్ధతి. అట్టముక్క కత్తిరించుకుని దాని చుట్టూ గీసుకునేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మండేది. "అచ్చు పెట్టుకుని కోసేవాడికి చెయ్యెందుకు, కొక్కెం చాలు" అనేవాడు. ఒక గేటుకి వేసిన ఆకు ఇంకో గేటుకి వెయ్యకపోవడం ఇంకో పద్ధతి. "ఈ ఆకు మీదే, ఇంకెవరింటికీ ఉండదు" అని మాటిచ్చి మరీ చేసేవాడు. అలా ఇన్నేళ్లు పనిచేసినా షెడ్డులో ఒక్క నమూనా మిగల్లేదు. ఉన్నదంతా చేతిలోనే ఉంది కదా, దాచుకునేదేముంది అనుకున్నాడు.

ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట టీ కప్పు సాసరు మీద టకటకలాడింది. సుత్తి పట్టుకుంటే ఏమీ లేదు, బరువెత్తితే ఏమీ లేదు. సన్నటి పని, నెమ్మదిగా చెయ్యాల్సిన పని దగ్గరికి వచ్చేసరికి వేళ్లు మొండికేసేవి. కళ్లద్దాల కోసమని ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు రెండు చేతులూ ముందుకి చాపించాడు, కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీయించాడు. "ప్రాణానికేం భయం లేదు. మందులతో కాస్త తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మీ నాన్నగారికి ఉండేదా?" అనడిగాడు. తండ్రి టీ గ్లాసు ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకునేవాడని మేస్త్రీకి గుర్తొచ్చింది. అదేదో పెద్దమనిషి తరహా అనుకున్నాడు ఇన్నాళ్లూ.

ఇంటికొచ్చి, కళ్లు బాగానే ఉన్నాయట అన్నాడు. ఆవిడ "అయితే మంచిదే" అంది. అంతకు మించి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. సిగ్గేసింది, అంతే. కాలు విరిగితే ఊరంతా వినేలా మూలిగేవాడే. కానీ చెయ్యి మాట వినడం లేదని, ఆ చెయ్యి చేసిన పనిని రోజూ తడిమి చూసే మనిషికి ఎలా చెప్పడం? అందుకని లతల పని తగ్గించాడు. "ఈ కాలం వాళ్లకి నిలువు చువ్వలే నచ్చుతున్నాయి" అని తనే ప్రచారం పెట్టాడు. తప్పనిసరై నాలుగు ఆకులు కొయ్యాల్సి వస్తే మోచెయ్యి బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి కోసేవాడు.

ఇలా నెట్టుకొస్తుండగా ఒక రోజు బడి పెద్ద టీచరమ్మ షట్టరు ముందు రిక్షా దిగింది. ఆవిడ పుట్టింటి గేటు మేస్త్రీ చేసిందే.

"చిన్నప్పుడు ఆ తీగ పట్టుకుని వేలాడేదాన్ని, మా అమ్మ చేత తన్నులు తినేదాన్ని" అంది నవ్వుతూ. "మా బడికీ అలాంటి గేటు కావాలి మేస్త్రీ గారూ. కింది నుంచి పైదాకా లత పాకాలి. చూడగానే పిల్లలకి లోపలికి రావాలనిపించాలి. సెలవులయ్యి బడి తెరిచేనాటికి నిలబెట్టేస్తారుగా?"

"దానికేం భాగ్యమమ్మా, అలాగే" అంది మేస్త్రీ నోరు. ఆయన్ని అడగనైనా అడగలేదు.

రిక్షా సందు మలుపు తిరిగాక చెయ్యి వంక చూసుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెయ్యనంటే ఎందుకు చెయ్యవని పదిమందీ అడుగుతారు, లతల మేస్త్రీ చెయ్యి పోయిందని సాయంత్రానికల్లా తేల్చేస్తారు. చేస్తానంటే చెయ్యే రాదంటోంది. చివరికి ఆయన లేచి చొక్కా మార్చుకుని బావమరిది కొట్టుకి నడిచాడు.

బావమరిది, అంటే భార్య తమ్ముడు, టీవీలూ కంప్యూటర్లూ బాగుచేసేవాడు. అందరూ డబ్బా డాక్టరనేవాళ్లు. మనిషి వెన్న, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో చెప్పిన మాట అతని కన్నా ముందే వీధి చివరికి చేరేది. కంప్యూటరుతో ఇనుము కోసే ప్లాస్మా బల్ల గురించి అతను బావకి చెప్పని రోజు లేదు. గీసిన బొమ్మ కంప్యూటరుకి ఇస్తే చాలట, కరెంటూ గాలీ కలిసి నిప్పు పుట్టిస్తాయట, మోటార్లు ఆ నిప్పుని గీత మీద నడిపిస్తాయట. మేస్త్రీ ప్రతిసారీ "పోరా" అనేవాడు.

"ఆ బల్లేదో మనమే చేద్దాంరా" అన్నాడు ఆ సాయంత్రం.

బావమరిది చేతిలో స్క్రూడ్రైవరు జారి టీవీలో పడింది. "బావా, ఒంట్లో బాగానే ఉందా?"

"కాలంతో పాటు మారాలి కదరా."

"అట్టముక్క చూస్తేనే మండిపడేవాడివి, ఏకంగా కంప్యూటరుకే ఒప్పుకుంటున్నావా!"

"చేస్తావా, ఇంకెవరినైనా చూసుకోమంటావా?"

"అమ్మో, ఇంకెవరినో అయితే మా అక్క నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?" అని కొట్టు అప్పుడే మూసేశాడు.

చట్రం మేస్త్రీది, మెదడు బావమరిదిది. చదరపు గొట్టాలతో బల్ల లేచింది. దానికి రెండు పక్కలా పట్టాలు, ఒకటి గోడ వైపు, ఇంకొకటి షట్టరు వైపు. ఆ రెండింటి మీదా కాళ్లు పెట్టి ముందుకీ వెనక్కీ పోయే అడ్డదూలం. దూలం వెంబడి అటూ ఇటూ జరిగే టార్చి. కింద నీళ్ల తొట్టి, నిప్పురవ్వలు అందులో పడి చావడానికి. తొట్టి మీద నిలువుగా పేర్చిన ఇనప పట్టీలు, వాటి మీద కొయ్యాల్సిన రేకు. గాలికి టైర్ల కొట్టువాడు అవతల పారేసిన కంప్రెసరు. ప్లాస్మా మిషను మూతపడిన ఒక బస్సు బాడీల షెడ్డుది. కంప్యూటరు మాత్రం ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ మొహం చూపించని డబ్బా.

మొదటిసారి టార్చి నిప్పు చిమ్మగానే కంప్యూటరు కొయ్యబారిపోయింది. మళ్లీ ముట్టించారు, మళ్లీ అంతే. "నిప్పు పుట్టేటప్పుడు గాల్లో కరెంటు అల్లరి చేస్తుంది బావా. మన డబ్బా జడుసుకుంటోంది" అన్నాడు బావమరిది, సొంత పిల్లాడి గురించి చెబుతున్నట్టు. వైర్లు దూరంగా జరిపి, కంప్యూటరుకి చుట్టూ రేకు పెట్టె కట్టి, నేలలోకి ఎర్తు కడ్డీ దిగ్గొట్టాక దానికి భయం తీరింది.

ఆ తర్వాత అసలు తంటా మొదలైంది. గోడ వైపు రేకు వెన్నలా తెగేది. షట్టరు వైపుకి వచ్చేసరికి నిప్పు పైపైన గీరి వదిలేసేది. కంప్రెసరు గాలిలో తేమ ఉందన్నాడు మేస్త్రీ. తేమ వడగట్టారు, తెగలేదు. కరెంటు చాలడం లేదన్నాడు. మందపాటి వైరు వేశారు, తెగలేదు. నీ కంప్యూటరుకి షట్టరు వైపు కళ్లు కనిపించడం లేదేమోరా అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బావా నీ వరస" అని బావమరిది అలిగి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయి, టీ వేళకి మళ్లీ వచ్చాడు.

ఇదంతా భార్య ఒక మూల కూర్చుని చువ్వలకి రెడాక్సైడు పూస్తూ వింటోంది. బ్రష్షు డబ్బా అంచుకి తుడిచి, "ఏమండీ, ఆ దూలం షట్టరు వైపు కాస్త ఎత్తుగా లేదూ?" అంది.

"ఎందుకుంటుంది? రసమట్టం పెట్టి మరీ కట్టాను."

"తొట్టిలో నీళ్లున్నాయిగా. నీళ్ల దగ్గర్నుంచి దూలం దాకా రెండు వైపులా కొలవండి. నీళ్లకి మన మొహమాటం ఉండదు."

కొలిచారు. షట్టరు వైపు రెండు నాణేల మందం ఎక్కువుంది. టార్చి అంత ఎత్తుకి పోతే నిప్పు రేకుని సరిగ్గా అందుకోదు. బావమరిది బావ మొహంలోకి చూశాడు. మేస్త్రీ కింద కూర్చుని పట్టా అడుగున వేలు పెట్టి తడిమాడు. రేకు ముక్క తగిలింది. అది తను దోపిందే. రసమట్టంలో బుడగ మధ్యకొచ్చి కుదురుకున్నాక, ఎవరూ చెప్పకుండా, తను కూడా గమనించకుండా, షట్టరు వైపు కింద చిన్న రేకు దోపి అతుకు పెట్టేశాడు.

గేటు నిలబెట్టే ప్రతివాడూ చేసే పనే అది. గేటు బందుల మీద వేలాడుతుంది, రానురాను బరువుకి గడియ వైపు కిందికి దిగుతుంది. అందుకని ముందే ఆ కొసని కాస్త ఎత్తి పెడతారు.

"గేటైతే దిగుతుంది" అంది భార్య. "ఇది రెండు కాళ్ల మీద నిలబడ్డ బల్ల. ఎటు దిగుతుందని ఎత్తారు?"

బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అన్నారా! కంప్యూటరు బల్లకి గడియ కూడా పెడదామా బావా?"

మేస్త్రీకీ నవ్వొచ్చింది. ఎందుకో సంతోషం కూడా వేసింది. వణికితే వణికింది గానీ ఈ చెయ్యికి ఇంకా అన్నీ గుర్తున్నాయి అనుకున్నాడు. అతుకు కోసి, రేకు పీకేసి, పట్టా దించాడు. ఆ తర్వాత బల్ల అన్ని వైపులా ఒకేలా కోసింది. ఒక చదరం కోయించి మూల నుంచి మూలకి కొలిస్తే వెంట్రుకంత తేడా లేదు. బావమరిది ఆ చదరం పట్టుకుని సందంతా తిరిగి చూపించి వచ్చాడు.

ఇక మిగిలింది బొమ్మ. "నేను గీస్తాను, ఎవరూ దగ్గరుండొద్దు" అన్నాడు మేస్త్రీ. కాగితం మీదైతే మణికట్టు ఆనించుకోవచ్చు, తప్పితే చెరుపుకోవచ్చు, మిగిలిన వంకర ఏదైనా ఉంటే కంప్యూటరు సాపు చేసుకుంటుందని ఆయన ధైర్యం. అసలు ఈ బల్లంతా ఆ ధైర్యం మీదే లేచింది. తలుపు దగ్గరగా వేసుకుని, అరచేతిలో పట్టేంత ఆకు ఒకటి గీశాడు. చెరిపాడు, గీశాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే బాగానే ఉన్నట్టనిపించింది. బావమరిది దాన్ని ఫోనుతో ఫొటో తీసి, కంప్యూటరులోకి ఎక్కించి, గేటుకి సరిపోయేలా నాలుగింతలు పెద్దది చేశాడు.

నిప్పు చిమ్మింది. దూలం కదిలింది. ఆకు నీళ్లలోకి జారింది. మేస్త్రీ చెయ్యి పెట్టి తీసి, తుడిచి, వెలుతురుకి పట్టుకున్నాడు.

అంచంతా అలలు. సన్నగా, దగ్గర దగ్గరగా, పురుగు కొరికినట్టు.

"టార్చిని లాగే బెల్టు వదులైంది బావా, ఇంకేం లేదు" అన్నాడు బావమరిది. బెల్టు బిగించాడు, మోటార్ల మరలు బిగించాడు, చక్రాలు తుడిచాడు. "ఇప్పుడు చూడు" అని మళ్లీ కోయించాడు. రెండో ఆకు వచ్చింది. దానికీ అలలే. బావమరిది విసుక్కుంటూ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టాడు, ఎక్కడ తేడా ఉందో చూద్దామని.

ఎక్కడా లేదు. అల మీద అల, గుంట మీద గుంట, అచ్చం ఒక్కలా కూర్చున్నాయి. వదులు బెల్టు రెండుసార్లు ఒకేలా జారదు. మిషను తనకిచ్చింది తను కోసింది. ఎంత నమ్మకంగా కోసిందంటే, ఒక్క వణుకు కూడా వదల్లేదు.

బావమరిది కాగితం తీసి కిటికీ దగ్గర చూశాడు. తర్వాత బావ చెయ్యి వంక చూశాడు. పుట్టిన దగ్గర్నుంచి ఎప్పుడూ మాట తడుముకోని మనిషి నోరు తెరిచి, మూశాడు. "నేను... టీ తాగొస్తా బావా" అని షట్టరు కిందనుంచి వంగి వెళ్లిపోయాడు.

మేస్త్రీ తలెత్తితే వంటింటి గుమ్మంలో భార్య. ఆవిడ వచ్చి పై ఆకు తీసుకుని, ఎప్పటిలాగే అంచు మీద బొటనవేలు నడిపించింది.

"డాక్టరు కళ్ల సంగతి చెప్పలేదు" అన్నాడు ఆయన.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మందుల షాపువాళ్లింటి కిటికీ గ్రిల్లు చేశారే, అప్పట్నుంచి. అంతకు ముందు మీ ఆకు అంచు మీద ఆకురాయి ఊరికే అలా ఆనిస్తే సరిపోయేది. అప్పట్నుంచి కూర్చుని రుద్దుతున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరెందుకు చెప్పలేదు?"

ఆయన కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. ఇన్నాళ్లూ తను కోసింది నున్నగా ఉందని మురిసిపోయిన ఒక్కొక్క ఆకూ గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కకి తిరిగి కంప్రెసరు గొట్టం సర్దుతున్నట్టు నటించాడు. ఆవిడ ఆ నాటకాన్ని కాసేపు సాగనిచ్చింది.

"బడి గేటుకి బోలెడు ఆకులు కావాలి. అన్నిటికీ రుద్దడానికి నా రెక్కలు చాలవు" అంది చివరికి. "ఎవరిదైనా పాత గేటు చూసి ఫొటో తీయించమంటే మీరు వినరు."

"వినను. వాళ్ల ఆకు వాళ్లదేనని మాటిచ్చాను."

"అదే చెబుతున్నా. ఉండండి."

వంటింట్లోకి వెళ్లి, గట్టు మీద వేడి గిన్నె పక్కకి దించి, దాని కింద ఉన్నది తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. మసి పట్టి నల్లబడిన ఇనప ఆకు. ఇంకా గోరువెచ్చగా ఉంది. కొత్తకాపురంలో గట్టు కాలిపోతోందని ఆవిడ గొణిగితే, మిగిలిన రేకు ముక్క మీద గీత కూడా గీయకుండా టీ మరిగేలోపు కోసి ఇచ్చాడు. ఆ తర్వాత దాన్ని గిన్నె లేకుండా చూసిన గుర్తే లేదు. కొంగుతో మసి తుడిస్తే అంచు బయటపడింది. కాడ దగ్గర మొదలై కొస దాకా ఒక్క ఊపున పోయిన గీత, ఎక్కడా ఆగలేదు, ఎక్కడా సందేహించలేదు.

"ఇది ఎవరి గేటుకీ వెయ్యలేదు" అంది ఆవిడ. "నాకిచ్చారు. నా ఆకు నేనిస్తున్నా. బడికి వెయ్యండి."

బావమరిది టీ తాగి వచ్చేసరికి బావ బల్ల దగ్గర ఆ నల్ల ఆకుని సబ్బుతో తోముతున్నాడు. అతను ఫోను తీసి ఫొటో తీశాడు.

బడి తెరిచేనాటికి గేటు నిలబడింది. కింది నుంచి పైదాకా లత పాకింది, ఆకులన్నీ ఒకే చేతివి, ఆ చెయ్యి పాతికేళ్లు దాటని రోజులవి. నిలబెట్టేటప్పుడు మేస్త్రీ గడియ వైపు రేకు ముక్క దోపి కొస కాస్త ఎత్తాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్ద టీచరమ్మ ఆకు మీద వేలు పెట్టి, "మీ చెయ్యి ఏమీ మారలేదు మేస్త్రీ గారూ" అంది. ఆయన పక్కనే నిలబడ్డ భార్య వంక చూశాడు. ఆవిడ బ్రష్షు కడుక్కుంటోంది. బావమరిది బల్ల గురించీ, దూలం గురించీ, దోపిన రేకు గురించీ ఊరంతా చెప్పి నవ్వించాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిన ఆ రెండు ఆకుల సంగతి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

తోమిన ఆకు ఇప్పుడు షెడ్డు గోడకి మేకు మీద వేలాడుతోంది. అచ్చు పెట్టుకున్నావా మేస్త్రీ అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "మా ఆవిడది, అడిగి వాడుకుంటున్నా" అంటాడు. వంటింటి గట్టు మీద, వేడి గిన్నె కింద ఇప్పుడున్నది ఆ అలల అంచు ఆకు. ఆవిడ దానికి ఆకురాయి పెట్టలేదు.